రాజుగారి మేడలో డ్రాయింగు క్లాసు!

పొద్దున గద్వాల కోట చూశాను. లోపల డిగ్రీ కాలేజీ! మధ్యాహ్నం వనపర్తిలో దిగి "రాజుగారి ప్యాలెస్ ఎటు?" అంటే, ఆటో అతను నవ్వాడు. "పాలిటెక్నిక్ అనాలె సార్!"

నిజమే. 1959లో ఆ మేడలో పాలిటెక్నిక్ పెట్టారు.

హైదరాబాదు ఫలక్‌నుమా సంగతి మీకు తెలిసిందే. 2010లో తాజ్ వాళ్ళు దాన్ని హోటలు చేశారు. 101 మంది ఒకేసారి కూచునే భోజనాల బల్ల! 2014లో సల్మాన్ ఖాన్ చెల్లెలి పెళ్ళి అక్కడే. ఆ ఊహతోనే వచ్చాను నేను. ఇక్కడా పైన హోటలు గదులు, కింద నాలుగు కొట్లు... ఊళ్ళో డబ్బు ఆడదూ?

డ్రాయింగు షీట్లు చుట్టి పట్టుకున్న కుర్రాడితో ఆ మాటే అన్నాను.

"హోటలైతే మమ్మల్ని గేటు లోపలికి రానిస్తరా సార్?"

నా దగ్గర జవాబు లేదు. కానీ పాత సున్నపు గోడకి మరమ్మతు సున్నంతోనే చెయ్యాలి. సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి గోడ పాడవుతుంది. ఆ ఖర్చు హోటలు భరిస్తుంది, సర్కారు కాలేజీకి కష్టం. మరి సెలవుల్లో షూటింగులకు అద్దెకిచ్చి, ఆ డబ్బు సున్నానికి వాడితే? అదీ అడిగాను.

"హీరోయిన్ ఎవరు సార్?" అన్నాడు కుర్రాడు.