మన్యమున కొలువు, వసతి

నా మేనకోడలు నర్సుద్యోగమునకై అరకు ప్రాంతమునకు వెళ్లిన నెలలోపలనే నాకొక ఉత్తరము వ్రాసినది. "అత్తయ్యా, ఇచ్చట చేరెడు స్థలము కొనుటకును మనకు హక్కు లేదట. రోగులకు మేము కావలెను గాని, మా కాపురము వలదా?" అని అమ్మాయి ఆక్షేపణ.

ఈ ప్రశ్నలో బాధ యున్నది; చట్టములో మాత్రము తప్పు లేదు. మైదానమునుండి వచ్చిన షావుకారు ఉప్పో బట్టయో అరువిచ్చి, కాగితముపై వేలిముద్ర వేయించుకొని, పొలమును తనది చేసికొనుట మన్యమున పాతకథ. దాని నాపుటకు 1917లో తెల్లదొరలు ఏజన్సీ భూముల చట్టము చేసిరి. అది చాలలేదు. 1959లో రెగ్యులేషను, 1970లో దానికి గట్టి సవరణ వచ్చెను. ఈ సవరణనే జనులు 'వన్ ఆఫ్ సెవెంటీ' అందురు. దానిని బట్టి ఏజన్సీలోని స్థిరాస్తి గిరిజనునకో, గిరిజనులే సభ్యులుగా గల సంఘమునకో తప్ప మరియెవ్వరికిని చెల్లదు. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు, దానము సైతము నిషిద్ధములే. అనంతగిరి మండలపు గనుల వివాదమున, 1997 నాటి సమతా తీర్పులో, గిరిజనేతరులకు గనులు కౌలుకిచ్చుటకు ప్రభుత్వమునకును అధికారము లేదని సుప్రీముకోర్టు చెప్పెను. ఉద్యోగుల పేర ఈ గట్టునకు చిన్న గండి కొట్టితిమా, వారి వెనుకనే స్థలముల బేరగాండ్రు దిగుదురు. అరకులో విహారయాత్రికుల రద్దీ చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను అమ్మాయి రాత్రి ఎక్కడ పండుకొనవలెను?

ఇంగ్లండునకు ఫ్రాన్సునకు నడుమ జెర్సీ యను చిన్న ద్వీపము కలదు. అచ్చటను బయటివారు ఇష్టము వచ్చినట్లు ఇల్లు కొనరాదు. కాని 2012 నాటి చట్టము ననుసరించి, ద్వీపమునకు అత్యవసరమైన పనివారిని పిలిచికొను యజమాని ముందుగా అనుమతి పొందును. ఆ అనుమతిపై వచ్చినవారికి తాము కాపురముండుటకు ఇల్లు దొరకును. భూమి కోల్పోయిన మన్యపు బాధ వారిది కాదు, కనుక ఆ చట్టము మనకు పనికిరాదు. పిలిచినవాడే వసతి సంగతి చూడవలెనను మర్యాద మాత్రము పనికివచ్చును.

మనవద్ద ఆ మర్యాద కొఱవడినది. విశాఖలో ఉదయము రైలెక్కినవారు అరకు చేరుసరికి దాదాపు నాలుగు గంటలు పట్టును. అట్లు వచ్చిపోవు ఉపాధ్యాయుడు బడిలో ఎంతసేపుండును? పిల్లలు ఇంట మాటలాడు కువి భాష గాని, ఆదివాసీ ఒడియా గాని అతనికెట్లు వచ్చును? రోడ్డులేని పల్లెలనుండి నిండుచూలాలిని డోలీలో మోసికొని వచ్చు సంగతి పత్రికలలో తరచు చదువుచున్నాము. ఆ డోలీ అర్ధరాత్రి చేరి, నర్సు ఘాటుక్రింద ఊరిలో నున్నచో, ఆ తల్లి గతి యేమి?

మన్యపు బాలికలే నర్సులు, పంతులమ్మలు అయినచో ఈ చిక్కే యుండదు. వారికి ఎవరి అనుమతియు నక్కరలేదు. షెడ్యూలు ప్రాంతపు బడులలో ఉపాధ్యాయపదవు లన్నియు స్థానిక గిరిజనులకే యని 2000లో వచ్చిన ఉత్తరువును సుప్రీముకోర్టు 2020లో కొట్టివేసెను. ఆ బాలికలకు చదువు చెప్పించుట నెవ్వరును కొట్టివేయలేదు గదా!

అంతవరకు పైనుండి వచ్చినవారికి ఇల్లు కావలెను. మేడ లడుగుట లేదు. ఒంటరి స్త్రీకి రెండు గదులు, లోపలనే స్నానపు గది, నీటి కొళాయి, గట్టి గడియగల తలుపు. ఆసుపత్రికి అంచనా వ్రాయు ఇంజనీరు అదే కాగితముపై వీనికిని అంచనా వ్రాయవచ్చును.