దబ్బపండు ఛాయ

పెళ్లిచూపులకు వెళ్లొచ్చిన పెద్దావిడ 'పిల్ల దబ్బపండులా ఉంది' అందంటే, మేనిఛాయకు ఇక తిరుగులేదన్నమాట. మరి ఆ పండును పండేదాకా చెట్టున ఉండనిచ్చేదెవరు? పచ్చిగా ఉండగానే కోసి ఊరగాయ పెట్టేస్తారు, కాదంటే పులిహోర కలిపేస్తారు. బంగారు రంగు మాటల్లోనే మిగిలింది.

పేరుతోనే అసలు చిక్కు. పుల్లగా, పెద్దగా ఉన్న కాయల్లో ఒకటికి మించి 'దబ్బ' అనే పిలుస్తారు. వైద్యులు మాదీఫలం అనేది వాటిలో ఒక్కదాన్నే. సంస్కృతంలో అది మాతులుంగం, బీజపూరం. బీజపూరమంటే గింజలతో నిండినది. గింజంటే సంతతి, సమృద్ధి. మహాగణపతి చేతిలోనూ, కొల్హాపూర్ మహాలక్ష్మి చేతిలోనూ ఉండేది ఇదే. బొమ్మలో చూసి దానిమ్మ అనుకునేవారూ ఉన్నారు.

శాస్త్రీయ నామం సిట్రస్ మెడికా. 1753లో లిన్నేయస్ పెట్టాడు. 'మెడికా' అనగానే మందు గుర్తొస్తుంది కానీ, ఆ మాటకు మూలం మీడియా, అంటే నేటి ఇరాన్‌లోని ఓ ప్రాచీన దేశం. గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ దీన్ని ఆ దేశపు ఆపిల్‌గా వర్ణించాడు. ఇక ఫ్రెంచివారు 'సిత్రోన్' అంటే, జర్మన్లు 'జిత్రోనె' అంటే అది పసుపు నిమ్మ! ఆ నిమ్మకు తండ్రి మాదీఫలమే, తల్లి పుల్ల నారింజ. జన్యు పరిశోధనలు తేల్చిన సంగతిది. మన ఇళ్లలో పిండుకునే చిన్న నిమ్మకూ తండ్రి ఇదే. బిడ్డ వెలుగులో తండ్రి మరుగున పడ్డాడు.

పేరు విషయంలో పట్టుదలంటే యూదులదే. సుక్కోత్ పండుగకు వాళ్లకు 'ఎత్రోగ్' కావాలి. ధర్మగ్రంథంలో ఉన్నది 'హదార్' చెట్టు పండు అనే. హదార్ అంటే శోభ. అది మాదీఫలమేనని వారి పెద్దలు నిర్ణయించారు. నిమ్మచెట్టుకు అంటుకట్టి కాయించిన పండైతే చెల్లదు. తొక్క మీద మచ్చ ఉందేమోనని తిప్పితిప్పి చూస్తారు.

మన దగ్గర ఆ పట్టింపు లేదు. పైత్యానికీ, వాంతులకూ మాదీఫల రసాయనం వాడే ఆయుర్వేదంలో మాత్రం ఏ దబ్బ అన్న ప్రశ్న ముఖ్యమే. అంగడిలో పేరడిగితే తేలదు, కోసి చూడాల్సిందే. పసుపు తొక్క కింద తెల్లటి దళసరి కండ, నడుమ పిసరంత గుజ్జు. రసం కోసం కొన్నవారికి నిరాశే. ఊరగాయకు ఆ దళసరే ప్రాణం.