ధైర్యం చెప్పే వంటిల్లు

ఎడిన్‌బరా వెళ్లిన పర్యటకులంతా కొండమీది కోట చూసొస్తారు. ఆ ఊళ్లోనే, వెస్టర్న్ జనరల్ ఆసుపత్రి ఆవరణలో చిన్న ఇల్లు ఒకటుంది. ఒకప్పుడది గుర్రపుశాల. ఇప్పుడు దాని పేరు 'మ్యాగీస్'. లోపలికెళితే రిసెప్షన్ కౌంటర్ ఉండదు. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. కనిపించేది వంటిల్లు, పెద్ద బల్ల, చుట్టూ కుర్చీలు. వచ్చేది క్యాన్సర్ రోగులూ వాళ్ల ఇంటివాళ్లూ!

ఆ ఇంటి వెనక ఓ కన్నీటి కథ ఉంది. రచయిత్రి మ్యాగీ కెజిక్ జెంక్స్‌కు 1993లో రొమ్ముక్యాన్సర్ తిరగబెట్టింది. ఇక రెండుమూడు నెలలేనన్నారు డాక్టర్లు. ఆ మాట విన్న భార్యాభర్తలకు కాసేపు కూర్చునే చోటు కూడా దొరకలేదు. వేరే రోగులు ఎదురుచూస్తున్నారంటూ కిటికీ లేని నడవాలోకి పంపేశారు. కొత్త చికిత్సతో మరో రెండేళ్లు బతికిన మ్యాగీ, తనలాంటివాళ్ల కోసం నర్సు లారా లీతో కలిసి ఈ ఇంటికి ప్రణాళిక వేశారు. 1995లో ఆమె కన్నుమూశారు. ఆర్కిటెక్ట్ రిచర్డ్ మర్ఫీ తీర్చిదిద్దిన ఇల్లు 1996లో తెరుచుకుంది.

ఇలాంటి బల్ల అవసరం మగవాళ్లకే ఎక్కువేమో! ప్రొస్టేట్ క్యాన్సర్ ముదిరితే ఎక్కువగా ఎముకలకు పాకుతుంది. పూర్తిగా నయంకాకపోయినా, చాలామందిలో ఏళ్లతరబడి అదుపులో ఉంచవచ్చు. ఈ క్యాన్సర్ పెరగడానికి టెస్టోస్టిరాన్ ఊతమిస్తుంది కాబట్టి ఇంజెక్షన్లతోనో మాత్రలతోనో ఆ హార్మోన్‌ను అణిచేస్తారు. దాంతో మెనోపాజ్‌లో ఆడవాళ్లకు వచ్చినట్టే ఒళ్లంతా వేడి ఆవిర్లు, నీరసం, దిగులు. దాంపత్యం మీద ఆసక్తీ తగ్గిపోతుంది. భార్యతో చెప్పడానికే మొహమాటం, ఇక పిల్లలకేం చెబుతారు? అదే ఇంజెక్షన్ చేయించుకుంటున్న మరో మనిషి టీ కప్పు అందిస్తూ 'రాత్రిళ్లు నాకూ ఇంతే' అంటే సగం బరువు దిగిపోతుంది. ఏం చేస్తే నీరసం తగ్గిందో, ఇంట్లో ఎలా చెప్పుకున్నాడో అతని దగ్గర తెలుసుకోవచ్చు. మందుల సంగతి మాత్రం డాక్టర్నే అడగాలి.

ఎడిన్‌బరాలోనే పుట్టిన సైక్లింగ్ వీరుడు సర్ క్రిస్ హోయ్ ఆరు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు. భుజం నొప్పికని పరీక్ష చేయించుకుంటే 2023లో నాలుగోదశ ప్రొస్టేట్ క్యాన్సర్ బయటపడింది. అప్పటికి ఆయనకు 47 ఏళ్లే. తండ్రికీ తాతకీ కూడా అదే జబ్బు. రక్తసంబంధీకుల్లో ఉంటే ముప్పు ఎక్కువని చాలా ఇళ్లలో తెలియదు. హోయ్ 2024లో తన సంగతి లోకానికి వెల్లడించారు. 2025 సెప్టెంబరులో గ్లాస్గోలో 'టూర్ డి 4' సైకిల్ యాత్ర జరిపారు. నాలుగోదశ క్యాన్సర్‌తో ఉన్నవాళ్లూ అందులో పెడల్ తొక్కారు!

మ్యాగీ కలగన్న ఇల్లు ఇప్పుడు ఊరూరికీ పాకింది. డండీలో ఫ్రాంక్ గెహ్రీ, గ్లాస్గోలో రెమ్ కూల్హాస్ సంస్థ... పేరుమోసిన ఆర్కిటెక్టులు గీసిచ్చారు. హాంకాంగ్, టోక్యోల్లోనూ వెలిసింది. ఆకారాలు వేరైనా మధ్యలో వంటింటి బల్ల మాత్రం తప్పనిసరి. మొదటిరోజు బెదురుగా వచ్చి మూల కూర్చున్న పెద్దమనిషే కొన్నాళ్లకి, కొత్తగా వచ్చినవాళ్లకు తన పక్క కుర్చీ జరిపి చూపిస్తాడు.