కాళ్ల మీద చారలున్నాయా?

మా బర్కత్‌పురలో దేనికి కరువొచ్చినా దోమలకు మాత్రం రాదు. పొద్దు వాలేసరికి తలుపులూ కిటికీలూ బిగించుకుని ఉక్కలో ఉడికిపోవడం మాకు అలవాటే. అయినా, చప్పట్లు కొట్టి చంపడమే తప్ప, దోమ ఎలా ఉంటుందో తీరిగ్గా చూసిన పాపాన ఎవరం పోయాం చెప్పండి? మా మనవరాలికి బళ్లో కీటకాల పాఠం వచ్చాక ఆ ముచ్చటా తీరింది.

"అమ్మమ్మా, సాలీడు కీటకం కాదు, తెలుసా?" అంటూ మొదలుపెట్టింది. ఆరు కాళ్లుంటేనే కీటకమట. ఒళ్లు తల, వక్షం, ఉదరం అని మూడు భాగాలుగా ఉండాలి. కాళ్లూ రెక్కలూ అన్నీ మధ్య భాగానికే. ఎనిమిది కాళ్ల సాలీడుకీ, లెక్కపెట్టే ఓపిక మనకుండని జెర్రికీ ఆ బంతిలో చోటు లేదన్నమాట. బొద్దింక మాత్రం దర్జాగా కూర్చుంటుంది!

ఆ పైన తెగలు. నాకు భలే నచ్చిన సంగతి ఇక్కడుంది. అంచు చూసి ఇది గద్వాల, ఇది వెంకటగిరి అని మనం చెప్పెయ్యమూ? శాస్త్రజ్ఞులూ కీటకాల్ని చాలావరకు రెక్క చూసే పోల్చుకున్నారు. సీతాకోకచిలుకది పొలుసుల రెక్క. పేడపురుగు పైరెక్కలు పెట్టె మూతల్లా గట్టివి. రెక్కలున్న కీటకాలు చాలావాటికి నాలుగుంటే, దోమకీ ఈగకీ రెండే. వెనక జత ఉండాల్సిన చోట గుండుసూదుల్లాంటి బుడిపెలు మిగిలాయి. ఎగిరేటప్పుడు ఒళ్లు తూలకుండా అవే కాస్తాయి. అందుకే వీటిని 'డిప్టెరా' అన్నారు. అంటే రెండు రెక్కలవి. అరిస్టాటిల్ నాటి మాట అది.

మగదోమ మీసాలు కుచ్చుల్లా ఒత్తుగా ఉంటాయి, అది కుట్టదు, పూల తేనె తాగి బతుకుతుంది అని పిల్ల చదువుతుంటే మా వారు పేపరు దించి, "చూశావా, కుట్టేవన్నీ ఆడవే" అన్నారు. "గుడ్లు పెట్టాలి కనక నెత్తురు కావాలి. మగవాళ్లు తేనె తాగి తిరుగుతుంటే పిల్లల సంగతి ఎవరో ఒకరు చూడాలిగా" అన్నాను. పేపరు మళ్లీ పైకి లేచింది.

ఇదంతా బడిపిల్లల గొడవ అనుకోకండి. దోమ రెక్క మీది చుక్కలు చూసి లోకానికి మేలు చేసిన కథ మన జంటనగరాల్లోనే జరిగింది. మా ఇంటికి దగ్గర్లోని నల్లకుంట ఫీవరాసుపత్రి (మా అత్తగారికి అది కోరంటి దవాఖానాయే) రోనాల్డ్ రాస్ పేరు పెట్టుకున్నదే. ఆ రాస్ దొర 1895లో సికింద్రాబాదుకు వచ్చిన సైనిక వైద్యుడు. మలేరియా రోగుల్ని కుట్టిన దోమల్ని కోసి, సూక్ష్మదర్శినిలో వెతికేవాడు. గాలికి అవి ఎగిరిపోతాయని పంఖా కూడా వద్దనేవాడట. దోమల శాస్త్రం ఆయనకు తెలీదు. బూడిద రంగువి, చారలవి అని తనే పేర్లు పెట్టుకున్నాడు. వాటిలో ఏమీ దొరకలేదు. 1897 ఆగస్టులో రెక్కల మీద చుక్కలున్నవి చేతికొచ్చాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించి, దోమకు అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు 20న, బేగంపేటలో, అలాంటి దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి కనపడింది. అది అనాఫిలిస్. ఆ పేరు 1818 నుంచే పుస్తకాల్లో ఉంది! 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

కిందటి వానాకాలం మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు పాపకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. వాళ్లమ్మ నాలుగు రాత్రులు ఆస్పత్రి బెంచీ మీదే కూర్చుంది. అందరం వీధి చివరి మోరీని తిట్టుకున్నాం, మందు కొట్టించాలని చందాలకు సిద్ధపడ్డాం. మా మనవరాలు ఒక్కతే అడ్డుపడింది. మోరీలో పెరిగేది క్యూలెక్స్, బోదకాలు తెచ్చే రకం. డెంగీది ఏడిస్. నల్లటి కాళ్ల మీద తెల్ల చారలు, కుట్టేది పగలు, గుడ్లు పెట్టేది ఇళ్లలో నిలవుండే నీళ్లలో.

డాబా ఎక్కి చూస్తే, మూత విరిగిన ప్లాస్టిక్ డ్రమ్ములో వందలకొద్దీ పిల్లపురుగులు మెలికలు తిరుగుతున్నాయి. నీళ్లు పారబోసి ఊరుకుంటే చాలదు. గుడ్లు నీటి మట్టానికి పైన గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగిలితే చాలు. పీచు పెట్టి రుద్దాల్సిందే. ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, కూలరు తొట్టె కూడా. వారానికోసారి, శుక్రవారం తలంట్లలాగా, ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకున్నాం. మగవాళ్లకీ వంతులున్నాయి. వాళ్లు ఫోన్లో మాట్లాడుతూ రుద్దుతారు, అది వేరే సంగతి.

పాప ఇంటికొచ్చింది. ఇప్పుడు పక్కింటి పిన్నిగారు చేతి మీద దోమ వాలితే వెంటనే కొట్టరు. కళ్లజోడు సవరించుకుని, "ఇలా రావే, దీని కాళ్లకు చారలున్నాయేమో చూసి పెట్టు" అని మా మనవరాలిని కేకేస్తారు. అది వచ్చేలోగా దోమ తన పని కానిచ్చుకుని వెళ్లిపోతుంది.