పాము కాళ్లు

మా బావమరిది తుర్కియే వెళ్లి ఒక ఫొటో పంపాడు. కింద "బావా, పాముక్కలే" అని రాశాడు. పాముకి కాళ్లేమిటిరా అనుకున్నాను. తర్వాత తెలిసింది, వాళ్ల భాషలో పముక్ అంటే పత్తి, కలే అంటే కోట. పత్తికోట! తెల్లరాతి మెట్లకు ఎంత చక్కటి పేరు. ఫొటోలో మాత్రం ఆ పత్తి మార్కెట్ యార్డులో వానకు తడిసినట్టు మాసిపోయి ఉంది. మెట్లలో నీళ్లేమో నీలిమందు కలిపినట్టున్నాయి. లక్షలు పోసి అంతదూరం వెళ్లి, తెల్లదనాన్ని బూడిద చేసి తెచ్చాడని ఆ పూట నాకు అన్నం సహించలేదు.

తప్పు వాడొక్కడిదే కాదులెండి. కెమెరా లెక్కలో లోకమంతా చామనఛాయే. తెల్లది చూపించినా, నల్లది చూపించినా నడిమి రంగుకే లాగుతుంది. అందుకే తెల్లరాళ్ల ముందు దాని మాట వినకూడదు. ఒక స్టాపో, ఒకటిన్నరో వెలుగు ఎక్కువివ్వాలి. మరీ ఎక్కువైతే మడతలన్నీ మాయమై గోడకు సున్నం కొట్టినట్టుంటుంది. మిట్టమధ్యాహ్నం అసలు తీయకూడదు. పొద్దుటి ఏటవాలు ఎండలో ప్రతి అంచుకీ సన్నటి నీడ పడుతుంది, అప్పుడే మెట్లు మెట్లలా కనబడతాయి. తుంపర పడితే లెన్సు వెంటనే తుడవాలి. ఆరిందంటే ఆ సున్నం మరక ఓ పట్టాన వదలదు.

ఈ విద్యంతా తుర్కియేలో నేర్చింది కాదు, ఎర్రగడ్డలో మా డాబా మీద నేర్చింది. బోరునీళ్ల పైపు జాయింటు ఏళ్ల తరబడి కారి, గోడ వారన బొటనవేలంత మెట్లు కట్టింది. ప్లంబరు దాన్ని ఉప్పు అంటాడు. ఉప్పు కాదు, సున్నపురాయి. భూమిలోంచి సున్నం కరిగించుకొచ్చిన నీళ్లకు గాలి తగిలితే, సోడాలో గ్యాసు పోయినట్టు కార్బన్ డయాక్సైడ్ పోతుంది, సున్నం రాయై మిగులుతుంది. పాముక్కలేలోనూ అంతే, మన గీజరు కాయిలు మీద వేడి తగిలినా అంతే. తెల్లారగట్ల దాని ముందు బోర్లా పడుకుని నేను ఫొటో తీస్తుంటే పక్క డాబా ఆయన, "ఆస్పత్రి దగ్గరేగా సార్, నడిచే వెళ్లొచ్చు" అన్నాడు. ఎర్రగడ్డలో కాపురముంటే ఈ మాట తప్పదు.

అమెరికాలో 1871లో విలియం హెన్రీ జాక్సన్ ఇలాంటి మెట్లే ఉన్న మామత్ వేడి ఊటలను గాజుపలకల మీద ఫొటోలు తీశాడు. పలకలను ఆ ఊటనీళ్లతోనే కడిగాడట, త్వరగా ఆరేవట. మరుసటి ఏడే ఆ ఊటలున్న ఎల్లోస్టోన్ జాతీయ పార్కయింది. న్యూజీలాండ్ గులాబీ మెట్లకు ఆ యోగం లేదు. 1886 జూన్ 10న తారావేరా అగ్నిపర్వతం పేలింది, సిలికాతో కట్టిన ఆ మెట్లు కనుమరుగయ్యాయి. మిగిలిన ఫొటోలన్నీ నలుపు తెలుపువే. గులాబీ రంగు ఎలా ఉండేదంటే ఛార్లెస్ బ్లోమ్‌ఫీల్డ్ లాంటి చిత్రకారుల బొమ్మలు చూసుకోవాల్సిందే.

జాక్సన్‌కి కడగడానికి ఊటనీళ్లు దొరికాయి. నాకు ఒక కలర్ ల్యాబు దొరికింది. పేరెందుకులెండి, ఆ కోపం ముప్పయ్యేళ్లైనా చల్లారలేదు.

అప్పట్లో ఓసారి ముక్కోటికి భద్రాచలం వెళ్లాం. పక్కనే గుండాల. గోదావరి ఒడ్డున ఇసుకలో చెలమ తీస్తే వేడినీళ్లు ఊరతాయి. నాన్న హాట్ షాట్ కెమెరా నా చేతికిచ్చాడు, రీల్లో మూడే మిగిలాయి. పెద్దమ్మ కొబ్బరిచిప్పతో ఇసుక తోడుతోంది. వేసవిలో అయితే ఆవిరి కనబడదు, ఆ పొద్దు చలి మా బాగా ఉంది. ఎండ ఆవిరి వెనక నుంచి వస్తోంది. నీళ్లు చేతికి తగిలి "అమ్మో, చురుక్కుమందిరా" అంటూ పెద్దమ్మ నవ్వింది. పెద్దనాన్న పోయాక ఆవిడ నవ్వడం మేమెవరం చూడలేదు. నొక్కేశాను.

వారం తర్వాత ల్యాబుకు వెళ్తే కౌంటరు అబ్బాయి తలెత్తకుండా "రీలు పాడైంది" అన్నాడు. ఎలా పాడైందని అడిగితే, కొత్త రీలు ఫ్రీగా ఇస్తానన్నాడు.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. దండ వేసిన ఫొటో రేషను కార్డు కోసం తీయించినది.