రంపపు పొట్టు వెచ్చదనం
అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో చాలా ఇళ్లను నేటికీ చమురు కాల్చే వెచ్చగా ఉంచుతారు. మా ఇంట్లో మాత్రం పెల్లెట్ల పొయ్యి. కోత మిల్లుల్లో మిగిలిన రంపపు పొట్టును ఆరబెట్టి, గట్టిగా అదిమి, సుమారు 6 మిల్లీమీటర్ల లావున చేసిన గుళికలవి. మామూలుగా జిగురు కలపరు. ఒత్తిడిలో పుట్టే వేడికి చెక్కలోని లిగ్నిన్ మెత్తబడి పొట్టునంతా పట్టి ఉంచుతుంది. అది తలచుకున్నప్పుడల్లా చెట్టు మీద నాకు గౌరవం పెరుగుతుంది.

40 పౌండ్ల బస్తా, అంటే సుమారు 18 కిలోలు, తొట్టిలో పోస్తే చాలు. లోపలి మర తిరుగుతూ గుళికల్ని కొద్దికొద్దిగా మంటలోకి జారవిడుస్తుంది. ఆ చప్పుడు వింటూ చదువుకోవడం నాకెంతో ఇష్టం. కట్టెల పొయ్యి దగ్గర పెరిగినదాన్ని. మా అమ్మ ఊదుగొట్టంతో చేసిన పని ఇక్కడ ఫ్యాను చేస్తోంది. బూడిదా తక్కువే.

లోటు ఒక్కటే, కానీ పెద్దది. మరకూ ఫ్యానుకూ కరెంటు కావాలి. మంచు తుఫానుకు తీగలు తెగితే, బస్తాలు నిండుగా ఉన్నా పొయ్యి ఆరిపోతుంది. చలిదేశాల్లో ఇది పెట్టించుకోవాలనుకునే మనవాళ్లారా, బ్యాటరీ బ్యాకప్పు, మంటతో వచ్చే విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం ముందు అమర్చుకోండి. పొయ్యి ఆ తర్వాతే కొనండి.