ఊట దగ్గర మాట

ఎనిమిది వారాల వేసవి శిబిరం నిన్నటితో ముగిసింది. ఒంటికి సన్‌స్క్రీన్ వాసన ఇంకా వదల్లేదు.

అమెరికాలోని బెంటన్‌విల్‌లో పెరిగిన తెలుగు పిల్లల్లో చాలామందిమి వాల్‌మార్ట్ కంప్యూటర్ ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ల బిడ్డలమే. 1950లో వాల్‌మార్ట్ స్థాపకుడు సామ్ వాల్టన్ ఊరి నడిబొడ్డున మొదలుపెట్టిన చిన్న కొట్టు దగ్గరే మా ఇళ్ల కథలూ మొదలవుతాయి. నేనూ కంప్యూటర్లే చదవాలని ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది. అమ్మానాన్నలను తప్పుపట్టను. వీసా తేదీలు లెక్కపెట్టుకుంటూ బతికినవాళ్లకు నెలజీతమే ధైర్యం.

జులైలో ఒకరోజు శిబిరం పిల్లల్ని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం చుట్టూ ఉన్న అడవిదారిలో నడిపించాను. ఆ మ్యూజియానికి పేరిచ్చిన ఊట అక్కడే ఉంది. వారమంతా నోరు విప్పని ఏడేళ్ల పాప నీళ్లమీదికి వంగి, "అమ్మమ్మ వాళ్లూరి వాగు ఇలాగే ఉంటుంది" అంది, తెలుగులో. ఇక ఆగలేదు. వాగులో చేపపిల్లలు, గట్టుమీద తాటిచెట్లు, తనను మోసిన మేనమామ భుజాలు. నేను విన్నాను, అంతే. రెండేళ్ల కోడింగ్‌లో ఏనాడూ అంత అవసరమైన పని చేసినట్టు అనిపించలేదు.

టీచర్‌నవుతానని రాత్రి నాన్నకు చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ తాతయ్యా బడిపంతులే కదరా" అన్నారు.

సోమవారం కాలేజీలో మేజర్ మార్చుకునే ఫారం ఇస్తున్నాను.